పిండి వేయించే శనివారాలు

శనివారం పొద్దుట లూమింగ్‌ను ఎవరూ పలకరించకూడదు. మనీలాకి కాస్త దూరంలోని హగోనోయ్ ఊళ్ళో ఆ సందులోవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. బాణలిలో మైదా పోసి, సన్న సెగ మీద అరగంట సేపు చెక్క గరిటెతో కలియబెడుతూ నిలబడుతుంది. మాటల్లో పడితే చెయ్యి ఆగుతుంది. చెయ్యి ఆగితే అడుగు పిండి మాడి, మొత్తానికి చేదు ఎక్కుతుంది. తెల్లటి పిండి లేత గోధుమరంగుకి తిరిగి, ఆ కమ్మటి వాసన ఇంటి వెనక చేపల చెరువు గట్టు దాకా పోతేగానీ ఆమె పొయ్యి ఆర్పదు. తర్వాత పాలపొడి, పంచదార, కరిగించిన వెన్న. నిప్పుతో పని అంతే. మిగతాది చేతి పని. కలిపిన పిండిని కోలగా ఉండే అచ్చులో కూరి, బొటనవేలితో గట్టిగా అదిమి, మీట నొక్కి పళ్ళెంలోకి దింపాలి. అదిమింది చాలకపోతే పొల్వొరోన్ అనే ఆ మిఠాయి దిగుతూనే విచ్చిపోతుంది.

లూమింగ్ చేసినవి విచ్చిపోవు. శనివారం సాయంత్రానికి నలభై పొల్వొరోన్‌లు బారులు తీరి ఉంటాయి. ఆదివారం తెల్లవారగానే వాటిని డబ్బాలో సర్ది, రెండు జీపులు మారి, కూతురు నెరిసా ఉన్న జైలుకి పట్టుకెళ్తుంది. అలా ఏడేళ్ళు కావస్తోంది.

నెరిసా దొంగ కాదు, హంతకురాలు కాదు. కలోకన్‌లో నాలుగిళ్ళలో బట్టలు ఉతికేది. పెనిమిటి ఎప్పుడో ఇంకొకామెను చూసుకుని వెళ్ళిపోయాడు. ఐదేళ్ళ కూతురు జెలిన్‌ని తల్లి దగ్గర వదిలి పొద్దున్నే పనికి పోయేది. ఒక మంగళవారం ఒక ఇంటి పెరట్లో దుప్పట్లు ఉతుకుతుంటే పోలీసులు వచ్చారు. ఆ ఇంట్లోవాళ్ళు గోడ దూకి పారిపోయారు. సబ్బు నురగ చేతులతో నెరిసా ఒక్కతే దొరికింది. ఆమె తొట్టి పక్కనున్న బకెట్లో మత్తుమందు పొట్లాలు ఉన్నాయని పోలీసులు రాసుకున్నారు. "ఆ బకెట్లో ఉన్నవి దుప్పట్లండీ," అంది నెరిసా. ఆ మాట ఆ రోజు పోలీసులకి చెప్పింది, మర్నాడు సర్కారు వకీలుకి చెప్పింది, ఆ తర్వాత చెప్పే అవకాశం రాలేదు. వాయిదా రోజున జడ్జిగారు సెలవులో ఉండేవారు. జడ్జిగారు ఉన్న రోజున సాక్షి చెప్పాల్సిన పోలీసు వచ్చేవాడు కాదు. ఇద్దరూ ఉన్న రోజున తుఫాను వచ్చి కోర్టు మూసేశారు. ఒక ఏడాది వరద నీళ్ళలో కాగితాలు తడిసి, మళ్ళీ మొదటినుంచి రాయాల్సి వచ్చింది.

కలోకన్ సందులో పిల్లలు జెలిన్‌ని మత్తుమందు అమ్మేదాని కూతురని పిలవడం మొదలెట్టాక, లూమింగ్ మనవరాలిని చంకనేసుకుని హగోనోయ్‌లో వరసకి అక్కయ్యే ఆవిడ ఖాళీ ఇంటికి వచ్చేసింది. ఆటుపోట్లకి ఉప్పునీళ్ళు గడప దాకా వచ్చే ఇల్లు. అక్కడ వాళ్ళెవరో ఎవరికీ తెలియదు. అమ్మాయి ఎక్కడుందని అడిగితే, "దూరంలో ఉంది," అనేది లూమింగ్. ప్రతి రెండో ఇంటి ఆడమనిషీ సౌదీలోనో హాంకాంగ్‌లోనో ఉన్న ఊళ్ళో అంతకు మించి ఎవరూ అడగలేదు.

ఆ ఆదివారం జైలు గేటు దగ్గర వరస మామూలుగానే ఉంది. సంచులు పట్టుకున్న ఆడవాళ్ళు, చంటిపిల్లలు, ఎండ. తనిఖీ బల్ల దగ్గర కూర్చునే ఆవిడ లూమింగ్‌ని దూరం నుంచే చూసి వెదురు పుల్ల చేతిలోకి తీసుకుంది.

"ఏం లూమింగక్కా, మళ్ళీ ఇవేనా? ఒక్క వారమన్నా అన్నం కూర తేకూడదూ? పొడవడానికి నాకూ తేలిక."

"నీ చేతికి పని లేకపోతే తోచదని తెస్తున్నానమ్మా."

"ఏడేళ్ళ నుంచి నా చెయ్యి పడిపోయేలా పని చెప్తున్నావు," అంటూ ఆవిడ ఒక్కొక్క పొల్వొరోన్‌నీ పుల్లతో పొడిచి, విరిచి, వేళ్ళతో నలిపి చూసింది. ఎవరో ఎప్పుడో తినుబండారంలో ఏదో దాచి తెచ్చారట. అందుకని ఏదీ పొట్లం కట్టి లోపలికి పోనివ్వరు, ఏదీ చితక్కుండా పోనివ్వరు. నలభై పొల్వొరోన్‌లూ డబ్బాడు పొడి అయ్యాయి. మొదటి ఏడాది లూమింగ్ అది చూసి ఏడ్చేది. రెండో ఏడాది పోట్లాడేది. ఇప్పుడు డబ్బా మూత పట్టుకుని, పొడి కింద పడకుండా చూసుకుంటుంది.

అచ్చు వెయ్యడం ఎందుకమ్మా, పొడే తెచ్చెయ్యరాదా అని నెరిసా ఒకసారి అడిగింది. "అచ్చు వెయ్యకపోతే అది ఉత్త పిండే," అంది లూమింగ్. మళ్ళీ ఆ మాట రాలేదు.

ములాఖత్ గదిలో నెరిసా చెంచాతో పొడి తిని, రెండు చెంచాలు పక్కనున్న ముసలి ఖైదీ నోట్లో పోసి, "ఈల వెయ్యి, ఈల వెయ్యి," అంది. నోటినిండా పొల్వొరోన్ పెట్టుకుని ఈల వెయ్యడం పిల్లల ఆట. ముసలామె ఊదేసరికి పొడి దుమ్ములా ఎగిరి ఎదుటామె జుట్టు నెరిసిపోయింది. అందరూ నవ్వారు. లూమింగ్ కూడా నవ్వింది. అప్పుడు నెరిసా కుర్చీ దగ్గరకి లాక్కుని గొంతు తగ్గించింది.

"అమ్మా, వకీలు వచ్చాడు."

"వాయిదా ఎప్పుడట?"

"వాయిదా కాదు. కొత్త పద్ధతి వచ్చిందట. పెద్ద నేరం వదిలేస్తారు. మత్తుమందు పీల్చే సామాను నా దగ్గరుందని ఒప్పుకుంటే చాలట. దానికి శిక్ష ఎంత ఎక్కువేసినా నాలుగేళ్ళే. నేను ఏడేళ్ళున్నాను కాబట్టి ఇంటికి పంపించేస్తారు."

లూమింగ్‌కి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళు మండింది.

"నీ దగ్గర ఉందా సామాను?"

"ఎక్కడుంటుందమ్మా?"

"మరి ఉందని ఎందుకంటావు? చెయ్యనిది చేశాననకూడదనే కదే ఇన్నాళ్ళూ కూర్చున్నావు? ఇప్పుడు అనేస్తే ఆ ఏడేళ్ళూ ఎందుకైనట్టు?"

"ఎందుకూ కాలేదమ్మా," అంది నెరిసా. కోపంగా అనలేదు. ఉన్న మాట చెప్పినట్టు అంది. "ఊరికే అయిపోయాయి. ఇంకో ఏడేళ్ళు కూడా ఊరికే అవుతాయి. జెలిన్‌కి పన్నెండేళ్ళు. దానికి జడ వెయ్యడానికి నాకు ఇంకెన్నాళ్ళుంది?"

గంట కొట్టారు. లూమింగ్ ఖాళీ డబ్బా పట్టుకుని బయటికొచ్చింది.

ఇంటికొచ్చి రెండ్రోజులు ఆ విషయం మనసులో నానబెట్టింది. కూతురు తలెత్తుకుని బయటికొస్తుందని ఇన్నాళ్ళూ ఎదురుచూసింది. ధైర్యంగా ఉండు, నిజం నిలుస్తుంది అని ప్రతి ఆదివారం తనే చెప్పింది. ఇప్పుడు చూస్తే ఆ ధైర్యాన్ని కూతురి జీవితంలోంచే కోసి ఇచ్చినట్టయింది. మంగళవారం బళ్ళోంచి వచ్చిన జెలిన్‌కి అన్నం పెడుతూ మాట కదిపింది.

"మీ అమ్మ వచ్చేస్తుందేమోనే."

జెలిన్ చెయ్యి పళ్ళెంలో ఆగింది. "ఎక్కడికి?"

"ఎక్కడికేంటి, ఇంటికి. ఇక్కడికి."

"ఎప్పుడు?"

"ఒకటి రెండు నెలల్లో. ఏం, నీకు సంతోషం లేదా?"

జెలిన్ చేప ముల్లు తీసి పళ్ళెం అంచున పెట్టింది. ఇంకో ముల్లు తీసి దాని పక్కన పెట్టింది.

"అమ్మమ్మా, అమ్మ చచ్చిపోయిందని చెప్పాను."

"ఎవరికి?"

"బళ్ళో. నాలుగో తరగతిలో ఉన్నప్పుడు మా అమ్మ అని వ్యాసం రాయమన్నారు. అందరూ ఏదో ఒకటి రాశారు. నేనేం రాయను? పోయిందని రాశాను. టీచర్ దాన్ని అందరి ముందూ చదివింది. అందరూ ఏడ్చారు. ఆ తర్వాత నన్ను ఎవరూ ఏమీ అడగలేదు."

రెండేళ్ళ కిందట చర్చిలో టీచర్ తన చెయ్యి పట్టుకుని ఎందుకు వదల్లేదో, ఆ ఏడాది పోయినవాళ్ళకి దీపాలు పెట్టే సమాధుల పండగకి జెలిన్ స్నేహితురాళ్ళు కొవ్వొత్తులు ఎందుకు తెచ్చిచ్చారో లూమింగ్‌కి అప్పుడు తెలిసింది. కొట్టాలనిపించింది. కానీ దేనికని కొట్టాలి? దూరంలో ఉందని తను చెప్పింది. పిల్ల ఇంకాస్త దూరంలో పెట్టింది, అంతే తేడా.

"తిను," అంది.

ఆ పై ఆదివారం జైలుకి వెళ్ళి, "నీ ఇష్టం," అని మాత్రం చెప్పింది. జెలిన్ మాట చెప్పలేకపోయింది. నెరిసా ఆ రెండు మాటలకే తల్లి చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది.

కోర్టులో ఆ రోజు జడ్జిగారు వచ్చారు. పోలీసు వచ్చాడు. వకీళ్ళిద్దరూ వచ్చారు. తుఫాను లేదు. గుమస్తా ఒక కాగితం ఇంగ్లీషులో గబగబా చదివి, చివర్న నెరిసాకి అర్థమయ్యే భాషలో అడిగాడు.

"ఇది నువ్వు చేశావా?"

"చేశానండి."

"ఎవరన్నా బెదిరిస్తే అంటున్నావా?"

"లేదండి. నేనే అంటున్నాను."

లూమింగ్ వెనక బల్ల మీద కూర్చుని వింది. ఆ మాట వినపడ్డప్పుడు నేల కేసి చూడాలని ముందే అనుకుంది గానీ చూడలేకపోయింది. కూతురి వీపునే చూసింది. పసుపుపచ్చ చొక్కా, వీపు మీద అక్షరాలు, మెడ దగ్గర ఎముక. అంతా కలిపి పదకొండు నిమిషాలు పట్టింది. ఏడేళ్ళుగా దొరకని తీరిక పదకొండు నిమిషాల్లో సరిపోయింది. బయట మెట్ల మీద వకీలు లూమింగ్ భుజం తట్టి, మంచి పని చేశారమ్మా అన్నాడు. కుర్రవాడు, మంచివాడే. ఆ రోజు అతనికి అలాంటివి ఇంకో తొమ్మిది ఉన్నాయి.

గురువారం నెరిసాను వదిలారు. ఒక ప్లాస్టిక్ సంచీ, అందులో రెండు జతల బట్టలు, ఒక చెంచా. జీపులో ఇద్దరూ ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. నెరిసా కిటికీలోంచి ప్రతి బోర్డూ చదువుతోంది. చిన్నపిల్లలా పైకి చదువుతోంది. హగోనోయ్ దగ్గరపడింది. ఇంక దాచడానికి దారి లేదు.

"నెరీ, జెలిన్ బళ్ళో ఒక మాట చెప్పింది."

"ఏమని?"

"నువ్వు... నువ్వు లేవని."

"లేననంటే?"

"పోయావని."

నెరిసా బోర్డులు చదవడం ఆపింది. జీపు ఒక వంతెన ఎక్కి దిగింది. ఎదురుగా కూర్చున్న ఆవిడ ఒళ్ళో కోడి రెక్కలు కొట్టుకుంటోంది. నెరిసా దానికేసి చూస్తూ అడిగింది.

"దేంతో పోయానట?"

"డెంగ్యూ జ్వరంతో."

"పోన్లే, ఎక్కువ బాధ పడలేదు," అంది. నవ్వబోయింది గానీ మూతి వంకరపోయింది. మళ్ళీ తనే, "నీకు ఇంకో కూతురుందనుకో అమ్మా. నేను జెలిన్‌కి పిన్నిని. పోలికలుంటే ఉంటాయి, అక్కచెల్లెళ్ళకి ఉండవా ఏం?" అంది.

"అదేం మాటే."

"మరేం చెయ్యమంటావు? చచ్చినదాన్ని లేచొచ్చానని చెప్పనా? బతికున్నదాన్ని జైల్లోంచి వచ్చానని చెప్పనా? ఏది తేలిక దానికి?"

జెలిన్ గుమ్మంలో నిలబడి ఉంది. జడ తనే వేసుకుంది, గట్టిగా, ఒక్క పాయ కూడా ఊడకుండా. నెరిసా రెండడుగుల దూరంలో ఆగిపోయింది. జెలిన్ ముందుకొచ్చి ఆమె కుడిచెయ్యి తీసుకుని, వంగి, నుదుటికి ఆనించుకుంది. ఇంటికొచ్చిన ఏ పెద్దవాళ్ళకైనా దణ్ణంగా అలాగే చేస్తుంది. తర్వాత సంచీ అందుకుని లోపలికి తీసుకెళ్ళింది.

పక్కింటివాళ్ళకి జెలిన్ పిన్ని అని చెప్పారు. వాళ్ళు నమ్మారో లేదో గానీ తలూపారు. నెరిసా మొదటి వారమంతా గదిలో గోడకేసి తిరిగి కూర్చుంది. మరుగుదొడ్డికి వెళ్ళాలన్నా లేచి నిలబడి లూమింగ్ ముఖం చూసేది, వెళ్ళమంటే వెళ్ళేది. లూమింగ్ ఆమె కోసం ఇరవై పొల్వొరోన్‌లు చేసి, ఒక్కొక్కటీ పసుపు కాగితంలో చుట్టి, చివర్లు మెలితిప్పి ఇచ్చింది. నెరిసా ఒకటి విప్పి, గిన్నెలో వేసి, చెంచా వెనకవైపుతో నలిపి తింది.

"ఏంటే అది?"

నెరిసా గిన్నెలోకి చూసుకుంది. "ఏమో అమ్మా. ముద్దగా ఉంటే మింగుడు పడటం లేదు."

రెండో వారం నుంచి పనికి తిరగడం మొదలెట్టింది. బట్టలు కుట్టే కార్ఖానాకి వెళ్తే, పోలీసుల దగ్గర్నుంచి ఏ కేసూ లేదన్న కాగితం తెమ్మన్నారు. ఆ కాగితం కోసం వెళ్తే కిటికీ వెనకాయన కంప్యూటర్‌లోకి చూసి, "నీ పేరు మీద ఉందిగా," అన్నాడు. మాంసం కొట్లో అదే మాట. మనీలాలో పెద్దింట్లో వంటకి మనిషి కావాలంటే వెళ్ళింది, వాళ్ళూ అదే కాగితం అడిగారు. కేసు తేలనంతకాలం ఆమె మీద ఏ నేరమూ లేదు. తేలాక, చేశానని తనే అంది కాబట్టి, ఇంక తుడిచేవాళ్ళు లేరు.

"ఇంటికి పంపిస్తామన్నారుగానీ ఇలా అవుతుందని చెప్పలేదే," అంది లూమింగ్.

"చెప్పారటమ్మా. నేను సంతకం పెట్టినదాంట్లో ఉందట. ఇంగ్లీషులో."

జెలిన్ తల్లితో పోట్లాడలేదు, మొండికేయలేదు. అడిగినదానికి జవాబు చెప్పేది. అన్నం వడ్డిస్తే తినేది. అమ్మా అని గానీ, పిన్నీ అని గానీ పిలవకుండా ఎలాగో మాట నడుపుకొచ్చేది. ఇదుగో, అవునా, అక్కడుంది, ఇలాంటివి. ఒకసారి నెరిసా దువ్వెన తీసుకుని వెనకాల నిలబడితే, "నేను వేసుకుంటానండి," అంది. ఆ అండి దగ్గర లూమింగ్ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

జూన్‌లో బళ్ళు తెరిచాక, ఆరో తరగతి పిల్లలకి ఇంటి పనుల పాఠంలో పొల్వొరోన్ చేసుకురమ్మన్నారు. నలుగురు నలుగురు ఒక జట్టు. జెలిన్ జట్టు పిల్లలు శనివారం పొద్దున్నే జల్లెడ, పాలపొడి డబ్బా, రంగు కాగితాలు పట్టుకుని దిగిపోయారు. వాళ్ళలో బియాంకా అనే బొద్దుపిల్ల వచ్చినప్పటి నుంచీ నోరు మూయలేదు.

లూమింగ్ బాణలి పొయ్యి మీద పెట్టి, మణికట్టు పట్టుకుని, "నా చెయ్యి ఇవాళ తిరగడం లేదర్రా. మీ పిన్ని చూపిస్తుంది," అంది. ఆమె మణికట్టుకి ఏమీ కాలేదు. జెలిన్ అమ్మమ్మ కేసి ఒక చూపు చూసింది.

నెరిసా గరిటె అందుకుంది. ఏడేళ్ళుగా పొయ్యి ముందు నిలబడని మనిషి. మొదట గరిటె బెరుగ్గా పట్టుకుంది. తర్వాత చేతికి గుర్తొచ్చింది. పిల్లలు చుట్టూ మూగారు.

"మంట ఇంకా తగ్గించండి. అంతే. అడుగు నుంచి పైకి తియ్యాలి, చుట్టూ తిప్పడం కాదు. నువ్వు పట్టు. భయపడకు, పిండి కరవదు."

"చేతులు నొప్పెడుతున్నాయి పిన్నిగారూ," అంది బియాంకా.

"నోటితో తిప్పగలిగితే నీ అంతటిది లేదు."

పిల్లలు విరగబడి నవ్వారు. జెలిన్ కూడా నవ్వింది, పళ్ళు కనపడేలా. గుమ్మం దగ్గర పీట మీద కూర్చున్న లూమింగ్ ఆ నవ్వు చూసింది. జల్లెడ పట్టేటప్పుడు జెలిన్ ముక్కుకి పిండి అంటితే నెరిసా భుజం మీది తువ్వాలుతో తుడిచింది, జెలిన్ తుడవనిచ్చింది. ఒక గంట సేపు ఆ ఇల్లు మామూలు ఇల్లులా ఉంది. ఇలాగే జరిగితే, మెల్లమెల్లగా, ఏదో ఒక రోజుకి, అని లూమింగ్ మనసులో లెక్క మొదలెట్టింది.

రెండో వాయి పిండి పొయ్యి మీద ఉండగా బియాంకా అంది, "మీరు జెలిన్ వాళ్ళమ్మలానే ఉంటారా అండీ? ఆవిడ గురించి జెలిన్ రాసింది విని మేమందరం ఏడ్చాం. టీచర్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది."

జెలిన్ తెల్లబోయి అచ్చు కేసి చూస్తూ ఉండిపోయింది.

నెరిసా చెయ్యి ఆగలేదు. "ఏం రాసిందేంటి?" అంది.

"ఆఖరి రోజు పొద్దున వాళ్ళమ్మ తనకి రెండు జడలు వేసి, ఎర్ర రిబ్బన్లు కట్టిందట. వెళ్ళేటప్పుడు వెనక్కి తిరిగి, జడలు ఊడదీసుకోకు, నేనొచ్చి విప్పుతాను అందట. నాకు అది తలుచుకున్నప్పుడల్లా ఏడుపొస్తుంది."

నెరిసా పిండిని అడుగు నుంచి పైకి తీసింది. మళ్ళీ తీసింది. ఆ మంగళవారం పొద్దున తను రెండు జడలు వేసింది. రిబ్బన్లు ఎర్రవే. లూమింగ్‌కీ గుర్తుంది. పోలీసులు తీసుకెళ్ళాక మూడు రోజులు ఆ పిల్ల జడలు విప్పనివ్వలేదు.

"అవును," అంది నెరిసా. "వేసింది. మా అక్కకి జడలు బాగా వచ్చు."

పిండి సరిగ్గా వేగింది. ఎక్కడా మాడలేదు. పిల్లలు యాభై పొల్వొరోన్‌లు అచ్చు వేసి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాగితాల్లో చుట్టి, డబ్బాలు మోసుకుంటూ వెళ్ళిపోయారు. బియాంకా సందు చివరి దాకా మాట్లాడుతూనే వెళ్ళింది.

వంటిల్లు సర్దుతుండగా జెలిన్ అడిగింది. "ఎందుకు అలా అన్నారు?"

"ఏమన్నాను?"

"వేసింది అని."

"వేశాను కదే." నెరిసా చేతిలో గుడ్డ బల్ల మీద పెట్టి, "నీకు గుర్తుందనుకోలేదు. ఎర్ర రిబ్బన్లు కూడా..." అంది.

జెలిన్ ఒక్క నిమిషం ఆమె ముఖంలోకి చూసింది. అబద్ధం చెప్పి ఊరుకోవచ్చు. ఆ పిల్లకి అబద్ధం చెప్పడం రాక కాదు.

"నాకు గుర్తు లేదు. ఊరికే రాశాను. రిబ్బన్లంటే ఏడుస్తారని రాశాను."

నెరిసా తల ఊపింది. గుడ్డ మళ్ళీ తీసుకుని బల్ల తుడిచింది. తుడిచిన చోటే చాలాసేపు తుడిచింది. లూమింగ్ ఏదో అనబోయింది. మూడు రోజులు జడలు విప్పనివ్వలేదే నువ్వు, అని అనబోయింది. కానీ మనవరాలి ముఖం చూసి ఆగిపోయింది. ఆ పిల్ల గడుసుతనానికి అనలేదు. నిజంగానే గుర్తు లేదు. తను చెప్తే ఇంకో వ్యాసం విన్నట్టు వింటుంది.

ఆ వచ్చే వారమే నెరిసా నవోతాస్ రేవుకి వెళ్తానంది. జైల్లో తోటి ఖైదీ మేనత్తకి అక్కడ చేపలు ఎండబెట్టే చోటు ఉందట. అక్కడ కాగితాలు అడగరట, చేతులుంటే చాలట.

"ఇక్కడ ఎండబెట్టే చేపలు లేవా?" అంది లూమింగ్.

"ఇక్కడ నేను పిన్నినమ్మా. అక్కడ నేనెవర్నీ కాను. అదే నయంగా ఉంటుంది."

"ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టు. పిల్లే కదా. మెత్తబడుతుంది."

"అది మెత్తగానే ఉందమ్మా. నా మీద దానికి కోపం లేదు. కోపమన్నా ఉంటే ఉండిపోయేదాన్ని." అదే ప్లాస్టిక్ సంచీలో బట్టలు పెట్టుకుంటూ అంది.

లూమింగ్ ఆదివారాలు వస్తావా అని అడిగింది. చూస్తానంది. పోనీ తనే వస్తాను, ఆ చోటు పేరు రాసివ్వమంది. వెళ్ళాక కబురు చేస్తానంది నెరిసా. ఆమె కబురు చెయ్యదని లూమింగ్‌కి అప్పుడే తెలిసిపోయింది. ఏడేళ్ళూ కూతురు ఎక్కడుందో ప్రతి రోజూ తెలిసేది. ఏ గోడ వెనక, ఏ గదిలో, ఎన్నో మంచం మీద. ఇంక ఏమీ తెలియదు.

పొద్దున్నే సముద్రం పోటెక్కి సందులో మడమల దాకా నీళ్ళున్నాయి. నెరిసా చెప్పులు చేత్తో పట్టుకుని నడిచింది. జెలిన్ అప్పటికే బడికి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు ఎప్పటిలాగే ఇద్దరి చేతులూ నుదుటికి ఆనించుకుంది, అమ్మమ్మది ముందు, నెరిసాది తర్వాత. మూల మలుపు దగ్గర నెరిసా వెనక్కి తిరగలేదు. లూమింగ్ నీళ్ళలో నిలబడి ఆమె వెళ్ళిన దారిలో అలలు అణిగేదాకా చూసి లోపలికి వచ్చింది.

మధ్యాహ్నం జెలిన్ అన్నానికి వచ్చింది. పుస్తకాల సంచీ మేకుకి తగిలించి, కాళ్ళు కడుక్కుని, బల్ల దగ్గర కూర్చుంది. గదిలోకి తొంగిచూసింది. చాప చుట్టి గోడకి ఆనించి ఉంది. ఇంట్లో వాళ్ళిద్దరే ఉన్నారు. పక్కింటి తలుపు మూసి ఉంది, సందులో మనిషి లేడు.

"పిన్ని వెళ్ళిపోయిందా అమ్మమ్మా?"

లూమింగ్ చేతిలో గరిటె పట్టుకుని మనవరాలి కేసి చూసింది. ఆ పిల్ల మొహంలో నటన లేదు. వినేవాళ్ళెవరన్నా ఉన్నారేమోనన్న భయమూ లేదు. అలవాటైన మాట అలవాటుగా వచ్చింది.

"వెళ్ళింది," అంది లూమింగ్. "అన్నం తిను."

జెలిన్ తింది. తలెత్తకుండా తింది. కొంచెం సేపటికి పళ్ళెం ముందుకు జరిపి, ఇంకాస్త చేపల పులుసు పొయ్యమంది.